కిటికీలో పెట్టని పలకరాయి

మొన్న ఇంటికి సున్నం వేయిస్తూ అటక మీది సామానంతా దింపారు. నేను బజారుకు వెళ్ళి తిరిగి వచ్చేసరికి తడి సున్నం వాసన, పాత ఇనప పెట్టె తుప్పు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. దాహమై వంటింట్లోకి పోతే నీళ్ళ బాన మీద ఎప్పుడూ ఉండే ఇత్తడి పళ్ళెం లేదు. దాని స్థానంలో ఊదా రంగు కలిసిన నల్లటి పలకరాయి ఉంది. పై అంచున రెండు మేకు బొక్కలు. అది చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. దీన్ని ఇక్కడ ఎవరు పెట్టారని అరిచాను. నా భార్య లక్ష్మి చేతిలో చీపురుతోనే వచ్చింది.

"నేనే వెట్టిన. పళ్ళెం తోమెతందుకు ఏసిన. గీ బండముక్కకు గింత లొల్లా? ముప్పయేండ్ల సంది పెట్టెల పండుకున్నది, ఇగనన్న జర పనికస్తది."

సౌదీలో పనిచేసినప్పుడు ఒక ముసలి దొర ఇచ్చాడని తప్ప ఆ రాయి గురించి ఆమెకు నేనెప్పుడూ ఏమీ చెప్పలేదు. అది అబద్ధం కాదు, మిగతాది చెప్పలేదు, అంతే. గల్ఫ్ బతుకుల మీద నాలుగు పుస్తకాలు రాశాను. ఎందరి కన్నీళ్ళో అందులో పెట్టాను. ఈ రాయిని మాత్రం కలం దగ్గరికి రానివ్వలేదు. ఊళ్ళోవాళ్ళ తప్పులు రాయడానికి చెయ్యి బాగానే సాగుతుంది, సొంత తప్పు దగ్గరికి వచ్చేసరికి సిరా గడ్డకడుతుంది.

కువైట్ యుద్ధం అయిపోయిన ఎండాకాలంలో నన్ను రాస్ తనూరా క్యాంపు నుంచి ఖఫ్జీకి పంపారు. కువైట్ సరిహద్దును ఆనుకున్న ఊరు అది. యుద్ధం మొదలవుతూనే జనమంతా ఇళ్ళు వదిలి పోయారట, మేం వెళ్ళేసరికి ఒక్కొక్క కుటుంబమే తిరిగి వస్తోంది. గోడల నిండా గుండ్ల బొక్కలు. ఒక ఇంట్లో చాప మీద టీ గ్లాసులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, అడుగున చక్కెర ఎండి అంటుకుపోయింది. కువైట్ నూనె బావులు ఇంకా మండుతూనే ఉన్నాయి. గాలి అటునుంచి వీచిన రోజు పట్టపగలే బండ్లు లైట్లు వేసుకొని తిరిగేవి. అన్నంలో మసి, ఉమ్మిలో మసి. కిరసనాయిల్ దీపం అప్పుడే ఆర్పినట్టుండే ఆ వాసన నా బనియన్లలోంచి ఇంటికి వచ్చాక కూడా పోలేదు. మా మేనత్త వాటిని వేపచెట్టు కింద నానబెట్టి మూడుసార్లు ఉతికింది.

మేం నలభై ఒక్క మందిమి. దాదాపు అందరూ జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూరు వైపు వాళ్ళు. పగిలిన ఇళ్ళకు గోడలు కట్టడం, కప్పులు బాగుచేయడం మా పని. నేను పదో తరగతి పాసైనవాణ్ణి, ముక్కీ మూలిగీ ఇంగ్లీషు చదవగలను. అందుకని సగం మేస్త్రీని, సగం గుమాస్తాని. ఊరి నుంచి వచ్చిన ఉత్తరాలు చదివిపెట్టేది నేనే, జవాబులు రాసేది నేనే, కంపెనీ కాగితాల్లో ఏముందో తెలుగులో చెప్పేదీ నేనే. నర్సయ్య చదివిండంటే అంతే అని, నేను చెప్పిందే ఆ కాగితంలో ఉన్నదని వాళ్ళ నమ్మకం. ఇరవై మూడేళ్ళ వయసులో ఆ గౌరవం నాకు బాగా తలకెక్కింది కూడా.

మాలో పెద్దవాడు రాజమల్లు. మా పక్క ఊరివాడు, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను రాజన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. తాతల కాలం నుంచి బండలు కొట్టిన ఇల్లు వాళ్ళది. ఏ గోడ దగ్గరికి పోయినా ముందు వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు. పొద్దున ఆయన వేసే పప్పు పోపు వాసనకే మా గది నిద్రలేచేది. మధ్యాహ్నం ఖుబ్బూస్ రొట్టెను పచ్చిపులుసులో నానేసుకొని, ఉల్లిగడ్డను పిడికిలితో గుద్ది పగలగొట్టుకొని తినేవాడు. కత్తితో కోస్తే ఉల్లిగడ్డకు రుచి పోతుందని ఆయన సిద్ధాంతం. భార్య లచ్చవ్వ పంపిన మామిడికాయ తొక్కు సీసాను రోజూ మూత తీసి వాసన చూసి మళ్ళీ మూసేవాడు. తింటే అయిపోతుందని భయం.

మా సూపర్‌వైజరు ఎవాన్స్. అరవై దాటిన మనిషి, పొట్టి, ఎండకు కందిన మెడ. మొదట్లో మేం ఆయన్ని ఇంగ్లీషు దొర అనేవాళ్ళం. ఒకరోజు ఆ మాట చెవిన పడింది. చేతిలో కొలత టేపు పక్కన పడేసి, తాను ఇంగ్లీషువాణ్ణి కాదని, వేల్స్‌వాణ్ణని, తమ భాష వేరు, పాట వేరు, కొండలు వేరని పావుగంట చెప్పాడు. నేను తెలుగులో చెబితే రాజమల్లు పకపకా నవ్వాడు.

"గట్లనా! మనల్ని ఎవడన్న ఆంధ్రోళ్ళా అంటే మనకు మండదా, ఈయనకూ గట్లనే మండుతున్నది. మనోడే తమ్మీ."

ఆయన ఊరు కొండల నడుమ చిన్న పట్టణం. పేరు పదిసార్లు చెప్పించుకున్నా నా నాలుకకు తిరగలేదు, తప్పుగా రాయడం ఇష్టంలేక ఇక్కడ రాయడం లేదు. పేరు తప్ప మిగతా ఊరంతా నాకు కంఠతా వచ్చు. ఊరి పక్కనే పలకరాతి గని. కొండను మెట్లు మెట్లుగా కోసుకుంటూ పోయారు. పనికిరాని ముక్కలు ఇళ్ళ వెనకాలే గుట్టలుగా పెరిగాయి. ఎప్పుడూ వాన. తడిసిన కప్పులన్నీ ఒకే ఊదా నలుపు. కొట్లకంటే ప్రార్థన మందిరాలే ఎక్కువ. బొమ్మ రైలు లాంటి చిన్న రైలు పలకలను రేవుకు మోసేది, అక్కడి నుంచి ఓడలు దేశదేశాలకు. మీ బడిలో నువ్వు రాసుకున్న పలక కూడా మా ఊరిదే అయి ఉంటుందని ఆయన అంటే, మా పలకలు మార్కాపురం నుంచి వచ్చేవి సాబ్ అని నేను అడ్డుపడేవాణ్ణి. ఇద్దరం ఒక్క అడుగు కూడా వెనక్కి వేసేవాళ్ళం కాదు.

ఆ గనిలో ఒక ఆచారం ఉండేదట. మధ్యాహ్నం అందరూ ఒక రాతి గుడిసెలో చేరి తినేవాళ్ళు. ఒకరిని పెద్దమనిషిగా కూర్చోబెట్టి, వంతులవారీగా ఒకరు పాట పాడాలి, ఒకరు పేపరు చదవాలి, ఒకరు వాదించాలి. మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. ఎవాన్స్ అదే పద్ధతిని ఖఫ్జీలో మా ఇనప కంటెయినర్ లోపల మొదలుపెట్టాడు. మొదటి వారం సిగ్గుతో చచ్చాం. తర్వాత నోళ్ళు తెరుచుకున్నాయి. రాజమల్లు తమ ఊరి గుట్టను క్రషర్ మిషన్లు ఎట్లా మింగేశాయో చెప్పాడు. హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన మా డ్రైవర్ యూసుఫ్ భాయ్ వాళ్ళ నాన్న పతంగుల దుకాణం గురించి చెప్పాడు. నేను అన్నీ ఇంగ్లీషులోకీ తెలుగులోకీ మార్చి చెప్పేవాణ్ణి. ఎవాన్స్ వంతు వస్తే గని సంగతులే. గనిలో ఒక మనిషి పోతే ఆ క్షణానే అందరూ ఉన్నచోటే పనిముట్లు కింద పెట్టి ఇళ్ళకు నడిచేవాళ్ళట. ఆ రోజుకు ఇక ఎవరూ సుత్తి ముట్టరు. వాళ్ళ తాత కాలంలో గని యజమానితో పెద్ద తగువై ఏళ్ళ తరబడి సమ్మె నడిచిందట. అప్పుడు ఇంటింటి కిటికీలో ఒక అట్ట ముక్క పెట్టారు, ఈ ఇంట్లో ద్రోహి లేడు అని రాసి.

"మరి అట్ట లేని ఇండ్లోళ్ళ గతేంది?" అని అడిగాడు రాజమల్లు.

నేను ఇంగ్లీషులో అడిగితే ఎవాన్స్ ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాడు.

ఆయన బల్ల మీద కాగితాలు ఎగరకుండా ఒక పలకరాయి పెట్టుకునేవాడు. ఒకరోజు రాజమల్లు దాన్ని రెండు వేళ్ళ మధ్య వేలాడదీసి కణుపుతో కొట్టాడు. గంట కొట్టినట్టు మోగింది. "సొట్ట లేదు, పగులు లేదు. మంచి చేతుల కొట్టిన రాయి" అన్నాడు. ఎవాన్స్ లేచి నిలబడిపోయాడు. వాళ్ళ తాత సరిగ్గా అట్లాగే కొట్టి వినేవాడట, ఆ పలకను చీల్చింది ఆ తాతేనట. ఒకరి భాష ఒకరికి రాని ఆ ఇద్దరూ ఆ రోజు నుంచి దోస్తులు. ఖఫ్జీ పని పూర్తయ్యాక అది రాజమల్లుకే ఇస్తానని ఎవాన్స్ నాతో అన్నాడు.

గోడ కూలింది ఒక మంగళవారం. గుండ్ల దెబ్బలకు లోపల డొల్లబడిన గోడ. పక్క గోడను మేం పడగొడుతుంటే ఇది కూడా వాలింది. కింద రాజమల్లు ఉన్నాడు. ఇటుకలు తీసి యూసుఫ్ భాయ్ పికప్‌లో పడుకోబెట్టేసరికి ఊపిరి ఉంది. ఆసుపత్రి చేరేసరికి లేదు. తన చెవి మీద అంత నమ్మకమున్న మనిషి ఆ గోడను ఎందుకు కొట్టి వినలేదో నాకు ఇప్పటికీ తెలియదు. మేం తొందరపెట్టామేమో. నేనే తొందరపెట్టానేమో.

యూసుఫ్ భాయ్ తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాడు. ఎవాన్స్ నెత్తి మీది టోపీ తీశాడు. చేతిలో ఉన్న కొలత కర్రను నేల మీద పెట్టాడు. నలభై మంది తాపీలు, సుత్తులు, తట్టలు ఉన్నచోటే కింద పెట్టారు. ఆయన ముందు నడిచాడు, మేం వెనక నడిచాం. సముద్రం పక్క రోడ్డు మీద క్యాంపు దాకా ఒక గంట నడక. ఆకాశం నల్లగా ఉంది, ఒడ్డున నూనె తెట్టు నల్లగా ఉంది. ఖాళీ పికప్‌ను యూసుఫ్ భాయ్ మా వెనకాలే నడక వేగంతో నడిపాడు. తిరిగి వచ్చిన ఇళ్ళవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. ఒక ముసలి అరబ్బు లేచి నిలబడి ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. మాలాంటి కూలివాడు పోతే పని ఆగడం నేను అంతకుముందు చూడలేదు. ఏడుస్తూనే ఉన్నాను, ఏడుస్తూనే గర్వపడ్డాను.

మర్నాడు కూడా పని సాగలేదు. ఆ దేశంలో అందరూ కలిసి పని ఆపడం చిన్న విషయం కాదు. మూడోనాడు దమ్మాం ఆఫీసు నుంచి మేనేజరు వచ్చి నన్ను ఒక్కణ్ణే పిలిచాడు. బల్ల మీద రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి నా సెలవు దరఖాస్తు. అమ్మకు కడుపులో గడ్డ, డాక్టర్లు చేతులెత్తేశారు, కడసారి చూసుకుందువు రమ్మని మామయ్య రాసిన ఉత్తరం దానికి కుట్టి ఉంది. పంపవలసిందేనని ఎవాన్స్ దాని మీద రాసి రెండు నెలలైంది. రెండోది కొత్తగా టైపు చేసిన కాగితం. పనివాళ్ళు పనిచేస్తామన్నా సూపర్‌వైజరు బలవంతంగా ఆపించాడని, మాకు ఇష్టం లేదని అందులో ఉంది.

"ముసలాయనకేం, తన దేశం పోతాడు. మీ నలభై మందిని ఎక్కడికి పంపాలో నువ్వే చెప్పు" అన్నాడు మేనేజరు హిందీలో. "సంతకాలు పెట్టించుకొచ్చెయ్. నీ సెలవు కాగితం మీద రేపే ముద్ర పడుతుంది."

ముందు నేను పెట్టాను. తర్వాత ఆ కాగితం పట్టుకొని మేం ఉండే బారెక్‌లోకి పోయాను. ఏముందిరా ఇందులో అని అడిగారు. రాజన్న గోడ కూలి పోయిండని, మనం చూసినమని ఉన్నది, శవం ఇంటికి పోవాలంటే కావాలె అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. నర్సయ్య పెట్టిండు గదా అని ఒక్కొక్కరే వచ్చి వేలిముద్రలు వేశారు. యూసుఫ్ భాయ్ ఒక్కడు కలం పట్టుకొని ఆగాడు.

"నర్సయ్యా, తూ పూరా పఢ్ లియా నా?"

అంతా చదివాననే చెప్పాను. ఆయన సంతకం పెట్టాడు.

వారంలో ఎవాన్స్‌కు ఎగ్జిట్ కొట్టారు, అంటే దేశం విడిచి పొమ్మని ముద్ర. పోయే రోజు నన్ను తన గదికి పిలిచాడు. పెట్టె సర్దుకుంటున్నాడు. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, మీ అమ్మకు ఎట్లా ఉంది అని. సెలవు దొరికిందని చెప్పాను. మంచిది అన్నాడు. బల్ల మీది పలకరాయిని పాత పేపరులో చుట్టి నా చేతికిచ్చాడు. రాజమల్లుకు ఇద్దామనుకున్నాను, ఇక నీ దగ్గర ఉండనీ అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా చొక్కాలు మడతపెడుతూ చెప్పాడు.

"ఆ రోజు నీ స్నేహితుడు అడిగిందానికి నేను జవాబు చెప్పలేదు. మా ఇంటి కిటికీలో ఆ అట్ట లేదు నార్సీ. మా అమ్మ అప్పుడు పసిపిల్ల, రొమ్ము పట్టిన జ్వరం. మందు కొనడానికి మా వీధిలో అందరికంటే ముందు గనికి తిరిగి పోయింది మా తాతే. ఆమె బతికింది కాబట్టి నేను పుట్టాను. తాత పోయేదాకా మందిరంలో ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆయన చీల్చిన పలక ఇది."

ఆయన ఆ కాగితం చూశాడు. మొదటి సంతకం ఎవరిదో చూశాడు. తప్పులు దిద్దుతూ నాకు ఇంగ్లీషు రాత నేర్పింది ఆయనే, నా చేతిరాత ఆయనకు తెలియకుండా పోతుందా! క్షమించమని అడగాలనుకున్నాను. బయట యూసుఫ్ భాయ్ హారన్ కొట్టాడు. ఎవాన్స్ నా భుజం తట్టి పెట్టె అందుకున్నాడు. పికప్ దాకా ఆ పెట్టె నేను మోయాలి కదా, మోయలేదు. రాయి పట్టుకొని అక్కడే నిలబడిపోయాను.

నేను ఇంటికి చేరాక అమ్మ పదకొండు రోజులు బతికింది. ఆ పదకొండు రోజులూ ఆమె తల నా ఒళ్ళోనే. కరక్కాయ నూరిన వాసన, తడి గుడ్డ వాసన, గదిలో మూలకు సన్నటి దీపం. చివరిసారి నా చేత్తోనే నీళ్ళు తాగింది, సగం తాగి చాలన్నట్టు కళ్ళు మూసింది. నేను ఇంకా ఊళ్ళోనే ఉండగా రాజమల్లు శవపెట్టె వచ్చింది. వాళ్ళ ఊళ్ళో క్రషర్లు మింగగా మిగిలిన గుట్ట పక్కనే దహనం చేశారు. నలభై మంది పనిముట్లు కింద పెట్టి నడిచారని లచ్చవ్వకు చెప్పాను. ఆమె ఆ మాటను చచ్చేదాకా వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది, నా మొగని కోసం సౌదీల పని బందువెట్టిర్రట అని. నేను ఎదురుపడితే నలుగురి ముందూ మళ్ళీ నాతో చెప్పించేది. నడిచిన దాకా చెప్పి ఆపేవాణ్ణి.

ఎవాన్స్‌కు మూడు ఉత్తరాలు రాశాను, ఒకటీ డబ్బాలో వేయలేదు. ఈమధ్య మనవడి ఫోన్లో ఆ ఊరి బొమ్మలు వెతికించి చూశాను. గని మూతపడి చాలా కాలమైందట. లోయ మీద కట్టిన తీగలకు వేలాడుతూ జనం కేకలు వేసుకుంటూ జారుతున్నారు, అదొక ఆట. ఒక మందిరానికి తాళం, ఇంకోదానికి అమ్మకం బోర్డు. కప్పులు మాత్రం తడిసి అట్లాగే మెరుస్తున్నాయి. ఖఫ్జీ కూడా చూశాను, సముద్రం పక్క రోడ్డుకు రెండువైపులా ఖర్జూరం చెట్లు పెట్టి దీపాలు కట్టారు. మా వాడలో సగం ఇళ్ళకు తాళాలు, మగవాళ్ళంతా మళ్ళీ అక్కడే. రాజమల్లు ఊరి గుట్ట ఉన్నచోట నీళ్ళు నిండిన గుంత ఉంది. ఎవాన్స్ ఉంటే ఈ మూడు ఊళ్ళ గురించి ఒక మధ్యాహ్నమంతా మాట్లాడేవాడు. ఉండి ఉంటాడని నేను అనుకోవడం లేదు, లెక్కకు తొంభై అయిదు దాటాలి.

ఆ రాయి నాకు క్షమించి ఇచ్చాడా, మా తాత పక్కన నువ్వూ కూర్చో అని ఇచ్చాడా? ముప్పై ఏళ్ళుగా తేల్చుకోలేకపోయాను. ఒకటి మాత్రం తెలుసు, అది రాయడానికే ఇంత కాలం పట్టింది. ఆ రెండు కాగితాలూ మళ్ళీ నా ముందు పెడితే నేను మళ్ళీ సంతకం పెడతాను. కాని బారెక్‌లో ఆ అబద్ధం చెప్పను. నాది ఒక్క సంతకమే అయ్యుంటే అది మా అమ్మ కోసం అని ఎవరి ముందైనా నిలబడేవాణ్ణి. నన్ను నమ్మిన ముప్పై తొమ్మిది వేళ్ళను నేనే పట్టుకొని సిరాలో ముంచాను.

ఆ సాయంత్రం సున్నం వేసేవాళ్ళు పోయాక, ఇదంతా లక్ష్మికి చెప్పాను. ఆమె పైట కొంగు వేలికి చుట్టుకుంటూ వింది.

"అంటే అత్తమ్మ కడసారి నీ చేతుల తాగిన నీళ్ళు గా సంతకం మీద వచ్చినయేనా?" అంది.

"అవు" అన్నాను.

ఆమె లేచి పలకరాయిని కుంకుడు రసంతో కడిగింది, తుడిచింది, ఆరడానికి వీధి వైపు కిటికీలో నిలబెట్టింది. పోయేవాళ్ళకు కనబడేటట్టు, కొత్త సున్నం గోడ మధ్య నల్లగా. ఎవాన్స్ వాళ్ళ తాత కిటికీలా ఇదీ ఖాళీగానే ఉండాలి, నేను వెళ్ళి తీసేశాను. మళ్ళీ వంటింట్లోకి తెచ్చి నీళ్ళ బాన మీదనే పెట్టాను. ఇత్తడి పళ్ళెం తోమడం అయిపోయింది గాని లక్ష్మి దాన్ని గూట్లో పెట్టేసింది. ఇప్పుడు ఈ ఇంట్లో నేను గుక్కెడు నీళ్ళు తాగాలంటే ముందు ఆ రాయిని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టాలి.